చెయ్యి జమునది, చిగురు నాది: భూపాలపల్లి టేకు చెట్టు నుంచి మానుకోట నర్సరీ దాకా

మా ఆయన ఫోను వెలిగిస్తే ముందుగా కనిపించేది నా ముఖం కాదు. మా పెళ్లి ఫొటో కూడా కాదు. ఒక ఆడమనిషి చెయ్యి. మణికట్టు నిండా ఎర్రగాజులు, గోళ్ల సందుల్లో మట్టి, రెండు వేళ్ల మధ్య ఒక చిన్న టేకు మొక్క, ఆ మొక్కకు అప్పుడే విచ్చుకుంటున్న రెండాకుల చిగురు. "ఎవల చెయ్యది?" అని అడిగితే, "చెయ్యి కాదే, చిగురు సూడు. టేకుకు గట్ల అంటు పట్టుడంటే మాటలా?" అన్నాడు. నాకు చిగురు కనిపించలేదు. గాజులే కనిపించాయి. ఈ ప్రయాణం అక్కడ మొదలైంది.

మా ఊరు జనగామ జిల్లాలో నర్మెట్ట దగ్గర. అడవి చెట్ల మీద పరిశోధన చేసే ఒక కేంద్రంలో మా ఆయన శ్రీనుకు చెట్లెక్కే పని. అడవిలో నిటారుగా, గుండ్రంగా, చాలా ఎత్తు దాకా కొమ్మ లేకుండా పెరిగిన టేకు చెట్లను అక్కడి సార్లు, మేడమ్‌లు వెతికి గుర్తు పెడతారు. చుట్టుపక్కల చెట్లన్నిటితో పోల్చి చూసి, అన్నిటికన్నా మేలైనదైతేనే దానికి నంబరు ఇస్తారు. ఆ చెట్ల మొగ్గలను తెచ్చి నర్సరీలోని మామూలు టేకు మొక్కలకు అంటు కడతారు. అంటు పట్టిన మొక్కలన్నీ ఒకేచోట తోటగా పెంచితే, మంచి చెట్టు పుప్పొడి మంచి చెట్టుకే చేరి మేలైన గింజ వస్తుంది. ఆ గింజతో మళ్లీ అడవి పెంచితే వంకర చెట్లు తగ్గుతాయట. కొమ్మలు కోసేది మా ఆయన. అంటు కట్టేది మహబూబాబాద్ దగ్గరి నర్సరీలో పనిచేసే జమున. అన్నం ముందు కూర్చున్నాక ఆ పేరు రాని పూట మా ఇంట్లో లేదు.

"జమునది సల్లటి చెయ్యి. ఎండిన పుల్ల ఇచ్చినా పచ్చగ చేస్తది" అంటాడు.

"నీ ముందల పెట్టిన కూర ఎండిపోతాంది. తిను" అంటాను నేను. అంతకన్నా పెద్ద మాట నాకు రాదు. నలుగురిలో నోరు విప్పే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ లేదు. ఏడో తరగతిలో బడి మానేసి బీడీలు చుట్టడానికి కూర్చున్నాను. ఆ పనిలో తల ఎత్తే అవసరం ఉండదు.

మొన్న ఫాల్గుణంలో ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. భూపాలపల్లి అడవిలో వాళ్లు నంబరు వేసుకున్న ఒక పెద్ద టేకు మీద వానాకాలంలో పిడుగు పడింది. చెట్టు పైనుంచి ఎండుతోంది. ఒక పక్క కొమ్మ మాత్రమే పచ్చిగా ఉంది. పోయినేడు తెచ్చిన మొగ్గలు ఒక్కటీ పట్టలేదు. ఈసారి కూడా పట్టకపోతే ఆ చెట్టుకు తోటలో చోటుండదు, అడవిలో చెట్టు కూడా మిగలదు. వెంటనే వెళ్లాలి, కానీ కింద నిలబడి కొమ్మలు అందుకునే మనిషి చెల్లెలి పెళ్లికి వెళ్లిపోయాడు. మా ఆయన మంచం మీద కూర్చుని తల గోక్కుంటుంటే, నాకెక్కడి ధైర్యం వచ్చిందో, "నేనొస్త" అన్నాను.

"అది అడవి. అంగడి కాదు."

"ఎరుకే. కొమ్మలందుకున్నంక మానుకోట దాకా గూడ వస్త."

మహబూబాబాద్‌ను మా వైపు మానుకోట అంటారు. ఆ పేరు వినగానే ఆయన నా ముఖంలోకి చూశాడు. వాకిట్లో బియ్యం చెరుగుతున్న మా అత్త తల ఎత్తకుండానే, "తీస్కపోరా. ఆ ఫొటో పెట్టుకున్న కాడి నుంచి దాని మొఖం గట్లనే ఉంది" అన్నది. అత్తకు అన్నీ తెలుసని నాకు అప్పుడే తెలిసింది.

ఇటువైపు వెళ్లాలనుకునే వాళ్ల కోసం దారి వివరంగా రాస్తున్నాను. తెల్లవారుజామున బండి మీద జనగామ చేరి, రైల్వే స్టేషన్ దగ్గరి స్టాండులో బండి పెట్టాం. రోజుకు ఇరవై రూపాయలు. రాత్రి తిరిగొచ్చేది రైల్లో కాబట్టి బండి అక్కడే ఉంటే మంచిది. అయిదు దాటాక హనుమకొండ బస్సు దొరికింది. గంటన్నర ప్రయాణం. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు, మగవాళ్లకే ఖర్చు. హనుమకొండ నుంచి పరకాల మీదుగా భూపాలపల్లికి మరో రెండు గంటలు. ఆ రెండు బస్సుల్లో మా ఆయన మాట్లాడినంతగా పెళ్లయ్యాక ఎప్పుడూ నాతో మాట్లాడలేదు. మాట్లాడిందంతా చెట్టు గురించి. దాని మొదలు ఎంత గుండ్రంగా ఉంటుందో, బెరడు ఎంత నున్నగా ఉంటుందో, పక్క చెట్లన్నీ పూతకు వచ్చాక కూడా అది తొందరపడకుండా ఎట్లా ఎత్తు పెరుగుతుందో చెప్పాడు. తొందరగా పూసే టేకు తొందరగా కొమ్మలు విడగొట్టుకుంటుందట. నేను ఊ కొడుతూ, నా గురించి ఎవరికైనా ఇట్లా చెప్పి ఉంటాడా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

భూపాలపల్లి బస్టాండు బయట ఒక అక్క బండి మీద వేడి వేడి ఇడ్లీ పెట్టింది. ప్లేటు ముప్పై రూపాయలు. పల్లీ చట్నీ బాగుంది, కారం కొంచెం ఎక్కువ. అక్కడి నుంచి అడవి దాకా ఆటో మాట్లాడుకున్నాం. వేచి ఉండి తిరిగి తీసుకురావడానికి ఏడు వందలు అన్నాడు, ఆరు వందలకు వచ్చాడు. డ్రైవర్ పేరు సమ్మయ్య, మా నాన్న వయసువాడు.

"బొగ్గు బాయి సూడనీకె వచ్చేటోళ్లను తీస్కపోయిన. జాతరకు పోయేటోళ్లను తీస్కపోయిన. ఆలుమగలు గలిసి ఒక చెట్టును సూడనీకె పోవుడు మిమ్ములనే జూస్తున్న" అన్నాడు సమ్మయ్య.

అంతే, మా ఆయన చెట్టు కథ మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. సమ్మయ్య అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు. "గీయిన మురిపెం జూస్తె ఆ చెట్టు నీకు సవతి లెక్కనే ఉన్నది బిడ్డా."

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. సవతులు ఇద్దరని ఆయనకు తెలియదు.

అడవిలోకి ఆఫీసు నుంచి అనుమతి కాగితం ఉంటేనే వెళ్లనిస్తారు. ఆటో దిగి అరగంట నడవాలి. ఫాల్గుణంలో టేకు అడవి నీడ కోసం వెళ్లే చోటు కాదు. ఆకంతా రాలి ఉంటుంది. చాటంత ఆకులు కాళ్ల కింద అప్పడాల్లా విరుగుతుంటే పక్క మనిషి మాట వినపడదు. మధ్యలో ఎక్కడో ఇప్పపువ్వు రాలిన తీపి వాసన వచ్చింది. దారి పక్కన మోకాలెత్తు పొదలు నరికి ఉన్నాయి, నరికిన చోటల్లా ఎర్రటి లేత పిలకలు. ఒక ఆకు తెంపి నలిపి వాసన చూశాను. తునికి. ఇన్నేళ్లు ఎండిన ఆకును కట్టలు కట్టలుగా కత్తిరించి బీడీలు చుట్టాను గాని, ఆ ఆకు మొక్క మీద పచ్చిగా ఉంటే ఎట్లా ఉంటుందో ఆ రోజే చూశాను. నరికితేనే మంచి ఆకు వస్తుందని, టేకు మోడుకు కూడా అట్లాగే పిలకలు వస్తాయని మా ఆయన చెప్పాడు. "మరి పిడుగు చెట్టును గూడ నరికితె పిలకలు రావా?" అని అడిగాను. "ముసలి చెట్టు. కాలింది వేరు దాక దిగిందేమో. నమ్మలేం" అన్నాడు. నా ప్రశ్న బాగుందన్నట్టు ఒక క్షణం ఆగి చూశాడు. అది నేను దాచుకున్నాను.

చెట్టు ముందు నిలబడితే నాకు కోపం రాలేదు, భయం వేసింది. నేనూ ఆయనా రెండు వైపుల నుంచి చేతులు చాపినా ఆ మొదలు అందదు. పైనుంచి సగం దాకా బెరడు చీలి నల్లటి గీత. ఆ పైన అంతా బూడిద రంగు. కుడిపక్కన ఒక్క కొమ్మ. మా ఆయన చెప్పులు విడిచి, రెండు చేతులూ మొదలుకు ఆనించి కాసేపు అట్లాగే ఉన్నాడు. గుడిలో కూడా ఆయన అంతసేపు నిలబడడు. తర్వాత ఆఫీసు వాళ్లు ముందే అక్కడ పెట్టించిన నిచ్చెన వేసి, నడుముకు తాడు కట్టుకుని ఎక్కాడు. కోసిన కొమ్మలను కింద పడేయకూడదు, తాడుకు కట్టి దించాలి. ఆ తాడు కొస నా చేతిలో ఉంది.

"మెల్లగ, మెల్లగ. మొగ్గలకు దెబ్బ తాకొద్దు" అని పైనుంచి ఒకటే అరుపు. పొయ్యి దగ్గర నా చెయ్యి కాలిన రోజు కూడా ఈ గొంతు ఇంత మెత్తగా లేదు అనుకుంటూ తాడు వదులుతుంటే, ఒక కొమ్మ గాలికి తిరిగి నా వైపు ఊగింది. "స్వరూపా, పక్కకు జరుగు. కొమ్మ పోతే పోనియ్యి" అని అరిచాడు. నేను జరిగాను, కొమ్మను కూడా పట్టుకున్నాను. చెయ్యి గీరుకుపోయింది గాని ఆ మాట చెవిలో ఉండిపోయింది.

కొమ్మలను జానెడు ముక్కలుగా కోశాం. కోసిన కొసలకు మైనం అద్దాలి, కానీ ఎండుటాకుల మధ్య అగ్గిపుల్ల గీయకూడదు. అందుకని తడిమట్టి అద్దాడు. తడి గోనెలో చుట్టి, ఇంటి నుంచి తెచ్చిన అరటి దొప్పల మధ్య పెట్టి మూట కట్టాం. ఆ రోజే అంటు కట్టేస్తే మంచిది. మధ్యలో గోనె ఆరితే కథ అయిపోయినట్టే.

మధ్యాహ్నం భూపాలపల్లిలో తిరుగు బస్సు ఎక్కాం. మూట నా ఒడిలో. చెట్టెక్కి దిగిన అలసటకు మా ఆయన బస్సు కదలగానే నిద్రపోయాడు. మేము కూర్చున్నది కుడి పక్క. ఎండ సూటిగా మూట మీద పడుతోంది. పరకాల దాటేసరికి గోనె పైన ఆరడం మొదలైంది. నా చేతిలో సీసా నిండా నీళ్లున్నాయి. నేను పోయలేదు. ఆరితే ఏమవుతుంది అనుకున్నాను. జమున చేతిలో కూడా ఎండిపోతాయి. సల్లటి చెయ్యి అన్న మాట మా ఇంట్లో ఆగిపోతుంది. ఫోనులో ఫొటో మారుతుంది. ఎవరికీ తెలియదు, తప్పు ఎండాకాలం మీదికి పోతుంది. బస్సు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లేదాకా ఆ ఆలోచనతోనే కూర్చున్నాను. మూటలోంచి ఒక కొస బయటికి వచ్చింది. నేను పట్టుకుని ఆపిన కొమ్మ అదే, గీరుకున్న చోట నా చెయ్యి ఇంకా మండుతోంది. ఇది జమున చేతికి వెళ్లే ముందు నా చేతికి వచ్చింది కదా అనిపించింది. సీసా మూత తీసి నీళ్లన్నీ పోసేశాను. లేచి ఎడమ పక్క నీడలో ఉన్న సీటుకు మారి, మూట మీద కొంగు కప్పాను.

పక్కన కూర్చున్న అవ్వ నా కొంగులోంచి కారుతున్న నీళ్లు చూసి, "తడిపినట్టున్నది బిడ్డా. ఎన్ని నెలల పిల్ల?" అన్నది.

"పిల్ల కాదవ్వా. టేకు పుల్లలు."

అవ్వ కొంగు ఎత్తి చూసి, అవతలి పక్క సీటులో నిద్రపోతున్న మా ఆయనను చూసి, మళ్లీ నన్ను చూసింది. "పుల్లలకే ఇంత పరేషాన్ అయితున్నవ్, రేపు పిల్లలైతే ఎట్లనే" అంటూ తన దగ్గరున్న సీసాలో నీళ్లు కూడా మూట మీద పోసింది.

హనుమకొండలో దిగి వరంగల్ స్టేషన్‌కు చేరాం. అక్కడి నుంచి మానుకోటకు రైలు గంట ప్రయాణం, జనరల్ టికెట్ మనిషికి యాభై లోపే. మానుకోట స్టేషన్ బయట షేర్ ఆటోలు దొరుకుతాయి. నర్సరీ చేరేసరికి ఎండ వాలుతోంది.

జమున ముసలిది కావాలని, లేకపోతే కనీసం నాకన్నా పెద్దదై ఉండాలని దారంతా అనుకున్నాను. నా ఈడుదే. నాకన్నా బెత్తెడు పొడుగు. పక్క తండా పిల్ల. తలకు తువ్వాల చుట్టుకుని, పీట మీద కూర్చుని పక్క ఆడవాళ్లతో వాళ్ల భాషలో ఏదో చెప్పి నవ్విస్తోంది. మణికట్టు నిండా ఎర్రగాజులు.

"జల్ది తే అన్నా, పొద్దు గూకుతాంది" అన్నది మా ఆయనతో. అన్నా అన్నందుకు నా కడుపులో మంట తగ్గలేదు. మా వైపు అందరూ అందరినీ అన్నా అనే పిలుస్తారు. తర్వాత నన్ను చూసి, "స్వరూపక్కవు నువ్వేనా?" అన్నది. మూట విప్పి ఒక్కొక్క మొగ్గను బొటనవేలితో తడిమింది. "పచ్చిగున్నయ్. బస్సుల ఎవరు పట్టుకున్నరు?"

"మా ఇంటామె" అన్నాడు.

"గందుకే. పోయినేడు నువ్వు తెచ్చినప్పుడు సగం ఎండినయ్. మూట ఎండల వెట్టి నిద్రపోయుంటవ్."

నాకు సంతోషమైంది. ఆ వెంటనే, ఆయన బస్సులో నిద్రపోతాడని ఈమెకెట్లా తెలుసు అన్న అనుమానం వచ్చి ఆ సంతోషం సగమైంది.

ఆమె పని చూడాల్సిందే. వేరు మొక్క, అంటే నర్సరీలోని మామూలు టేకు మొక్క, బెరడు మీద కత్తితో గోరంత గడి గీస్తుంది. కొమ్మ మీది మొగ్గను అదే కొలతకు బెరడుతో సహా ఒలిచి, ఆ గడిలో కూర్చోబెట్టి, సన్నటి ప్లాస్టిక్ పట్టీతో చుడుతుంది. కింద తన రంగు దారం ముడి వేస్తుంది. అక్కడ అంటు కట్టే ఒక్కొక్కరికీ ఒక్కో రంగు. ఎవరి కట్టు పట్టింది, ఎవరిది ఎండింది అని మేడమ్ రంగు చూసి చెప్తుందట. జమునది ఎరుపు. ఫోనులో నేను అన్ని రోజులు చూసిన ఆ చెయ్యి ముందు కదులుతుంటే, కదలని ఫొటోయే నయమనిపించింది.

"నేను గూడ కడత" అన్నాను.

మా ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఒక్క కొమ్మ ఉన్నది. ఆటలాడనీకె కాదు."

జమున ఆయన మాట పట్టించుకోలేదు. "ఏం పని చేస్తవక్కా?"

"బీడీలు."

నా చెయ్యి తీసుకుని వేళ్ల కొసలు చూసింది. రెండు చిన్న మొగ్గలు పక్కకు తీసి, "గివి మా మేడం ఎట్లాగూ వద్దంటది" అని, బెరడు తనే కోసి నాకిచ్చింది. మొగ్గను గడిలో కూర్చోబెట్టి, పట్టీ బిగించి చుట్టాను. చేతికి అలవాటైన పని. చివర గోటితో మడిచి మూసేశాను. తల ఎత్తితే జమున నవ్వు ఆపుకోలేకపోతోంది.

"బీడీ మూతి మూసినట్టు మూసినవ్ గదక్కా. కన్ను ఎట్ల బయటికొస్తది? దానికి జర దారి ఇడువు." విప్పి మళ్లీ చుట్టాను, ఈసారి మొగ్గ కన్ను బయటికి కనిపించేలా. ఆమె వేలితో లాగి చూసింది. పట్టీ కదల్లేదు. నవ్వు ఆపి, "నా కట్టు వదులైతదని మేడం తిడ్తది. గింత బిగువు నాకు రాదు" అన్నది.

దారం ఏ రంగు అని అడిగితే నా సంచిలోంచి బీడీల దారం తీశాను. మా కంపెనీది గులాబీ రంగు. రెండో మొగ్గను కూడా అట్లాగే చుట్టి, రెండు మొక్కలకూ ముడి వేశాను. "మంచిగున్నది. గీ ఉండ నాకిచ్చిపోరాదు?" అన్నది జమున. నేను విననట్టు ఉండను సంచిలో పెట్టుకున్నాను.

చీకటి పడేలోపు ఆమె మిగిలినవన్నీ కట్టేసి, తన టిఫిన్ డబ్బా విప్పి జొన్నరొట్టె, మిర్చి తొక్కు పెట్టింది. నేను చేసే రొట్టెల కన్నా మెత్తగా ఉన్నాయి. మా ఆయన గమనించకముందే రెండు నేనే తినేశాను. ఏడు దాటాక రైలు దొరికింది. కిటికీ పక్కన కూర్చుని ఆయన ఏదైనా అంటాడేమోనని చూశాను. చాలాసేపటికి, "జమున గూడ నీ చెయ్యి మెచ్చుకున్నది" అన్నాడు. మెచ్చుకోవడానికి కూడా ఆయనకు జమునే కావాలి.

ఆ తర్వాత నెల తిరగకముందే ఒక పొద్దున ఫోనుకు ఫొటో వచ్చింది. ఎర్రదారం కట్టినవాటిలో సగానికి పైగా ఎండకు పోయాయట, కొన్ని పట్టాయి. గులాబీ దారం కట్టిన రెండింటిలో ఒకటి పోయింది, ఒకటి చిగురేసింది. ఎండిపోతున్న ఆ పెద్ద టేకు ఇక తోటలో ఉంటుంది. ఫొటోలో మొక్క మొదట్లో నా ముడి, పైన రెండు ఎర్రటి లేతాకులు, ఆ మొక్కను పట్టుకున్నది మళ్లీ అదే చెయ్యి, అవే గాజులు. పాత ఫొటో తీసేసి మా ఆయన దీన్ని పెట్టుకున్నాడు. నాకు ఇప్పటికీ జమున అంటే కడుపులో కొంచెం మండుతుంది. ఆ మెత్తటి రొట్టెలు, ఆ నవ్వు, అందరితో మాట కలిపే ఆ ధైర్యం నాకు లేవు. మొన్న ఆయన వెళ్తుంటే ఆమెకు ఆకుపచ్చ దారం ఉండ ఒకటి పంపాను. గులాబీది పంపలేదు. నిన్న మా అత్త ఫోను చేతిలోకి తీసుకుని, "మల్ల గా చెయ్యేనా? ఎవల చెయ్యే గది?" అని అడిగింది. "చెయ్యి కాదత్తా, చిగురు సూడు" అన్నాను.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. మధ్యాహ్నం భూపాలపల్లి నుంచి హనుమకొండ వచ్చే బస్సులో ఎడమ పక్క కూర్చోండి, కుడి పక్కంతా ఎండ. మొక్కలో, కొమ్మలో తెస్తుంటే తాగడానికి ఒక సీసా, తడపడానికి ఇంకో సీసా పెట్టుకోండి. మూట మాత్రం బస్సులో నిద్రపోయే మనిషి చేతికి ఇవ్వకండి.